ఎల్లలు కొలిచిన దొర: కాలిన్ మెకంజీ

హైదరాబాదు నగరమునకు పడమటి కొసన, చందానగరము ప్రక్కగా షోలాపురమునకు పోవు రాజమార్గము మిగుల పాతది. నేడు దాని కిరువైపుల ఎత్తైన మేడలును, వానిలో కంప్యూటరు కొలువులు చేయు కుటుంబములును నిండియున్నవి. ఒకప్పుడు నిజాము రాజధాని నుండి పడమటి పొలిమేరకు పోవుటకు ఇదియే త్రోవ. ఆ పొలిమేర ఎచ్చట ముగియునో, అది పదిలముగా నున్నదో లేదో అను చింత నిజాము దర్బారును తరతరములుగా వెంటాడినది. దేశపు ఎల్ల భద్రముగా నున్నదని చెప్పుటకు ఏమి కొలువవలెను? కొలిచినవాని మాటను ఎవరు నమ్మవలెను? ఈ ప్రశ్నలు మన కాలమున పుట్టినవి కావు. రెండు వందల ఏండ్లకు పూర్వమే ఒక మనుష్యుడు తన జీవితమంతయు వీని చుట్టును తిరిగెను. ఆయన కాలిన్ మెకంజీ.

తెలుగు పాఠకులకు ఆయన కైఫీయతుల మెకంజీగా చిరపరిచితుడు. శాసనములకు నకళ్లు తీయించెననియు, గ్రామ చరిత్రలు వ్రాయించెననియు అందఱమును చదువుకొన్నవారమే. కాని ఆ మహత్కార్యమంతయు ఎల్లలు కొలుచు ఉద్యోగము నుండి మొలకెత్తినదను సంగతి అంతగా తలపునకు రాదు.

మెకంజీ 1754వ సంవత్సర ప్రాంతమున స్కాట్లండునకు వాయవ్యమున నున్న లూయిసు దీవిలో, స్టార్నొవే అను రేవు పట్టణమున జన్మించెను. తండ్రి మర్డాక్ మెకంజీ ఆ యూరి తపాలా ఉద్యోగి. యౌవనమున మెకంజీ ఆ రేవులోనే సుంకపు కార్యాలయమున కొలువు చేసెను. వచ్చిన ఓడను పరీక్షించుట, సరకును లెక్కించుట, ఏది లోనికి రావచ్చునో ఏది రాగూడదో నిర్ణయించి సంతకము చేయుట ఆ కొలువులోని పని. ఎల్లయొద్ద నిలిచి లెక్క చూచువాని వృత్తి ఆయనకు ఆనాడే పట్టువడినదని చెప్పవచ్చును. గణితమునందు ఆయనకు గల అభిరుచి మెండు. లాగరిథముల గణితమును కనుగొన్న జాన్ నేపియరు వంశీయులతో పరిచయము కలిగి, హిందువుల గణిత విద్యను గూర్చి తెలిసికొనవలెనను కుతూహలము ఆయన మనస్సున నాటుకొనెను.

1783లో ఆయన ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి మద్రాసునకు వచ్చెను. సాధారణముగా పదునాఱు, పదునెనిమిది యేండ్ల కుఱ్ఱవాండ్రు చేరు పదవిలో ముప్పదికి చేరువైన వయస్సున ఆయన ప్రవేశించెను. 1786లో ఇంజనీరుల దళమునకు మాఱెను. అక్కడినుండి ఆయన చేతినుండి కొలత సాధనములు విడివడలేదు.

1792లో మూడవ మైసూరు యుద్ధము ముగిసినది. శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పు సుల్తాను రాజ్యములో సగభాగము కంపెనీకిని, నిజామునకును, మరాఠాలకును పంపకమయ్యెను. కడప ప్రాంతము నిజాము వంతునకు వచ్చెను. క్రొత్తగా వచ్చిన సీమలకు పటములు లేవు. త్రోవలు తెలియవు. ఏ కనుమనుండి శత్రువు దిగునో తెలియదు. నిజామునకు తోడుగా కంపెనీ యుంచిన సైన్యమునకు ఇంజనీరుగను, సర్వేయరుగను మెకంజీ నియుక్తుడయ్యెను. అది మొదలు ఏడేండ్ల కాలము ఆయన దక్కనునందు తిరిగెను. ఆ సంచారములలోనే 1794లో నల్లమల అడవులు దాటి శ్రీశైలము చేరి, ఆలయ ప్రాకారముపై నున్న శిల్పములను చూచి, ఆ యాత్రను గూర్చి వ్రాసిన వృత్తాంతమును కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీవారు తమ సంపుటములలో ప్రకటించిరి.

నిజాము అధికారులు ఆయన పనికి మనఃపూర్వకముగా సాయపడలేదు. పలుచోట్ల అనుమానించిరి, అడ్డుపెట్టిరి. దానిని మూర్ఖత్వమని త్రోసివేయుట న్యాయము కాదు. పటమున ఏమి యుండును? దండు నడువదగిన బాట, నీరు దొరకు చెఱువు, ఫిరంగి ఎక్కగల కనుమ, గోడ శిథిలమైన దుర్గము. ఇవి యన్నియు రాజ్యమును కాపాడుకొనువానికి ఎంత అవసరమో, దానిని కబళింపగోరువానికి అంతకంటె ఎక్కువ అవసరము. తన ఎల్లను మిత్రుని చేత కొలిపించుకొన్న ప్రభువు ఆ మిత్రుని చేతికి తాళపుచెవి నిచ్చినట్లే. ఈ భయము హైదరాబాదు ఉద్యోగులకు ఉండినది. జరిగిన చరిత్ర ఆ భయము వట్టిది కాదని చూపినది.

1795 మార్చి నెలలో ఖర్దా వద్ద నిజాము సైన్యము మరాఠాల చేతిలో ఓడెను. కంపెనీవారు తటస్థముగా నుండిరి. తోడు సైన్యము ఉన్నది కదా యని నమ్ముకొన్న ఎల్ల ఒక్క యుద్ధములో చెదరిపోయెను. దౌలతాబాదు వంటి కోటను వదలుకొనుటకు నిజాము ఒప్పుకొనవలసివచ్చెను. పొడవు, వెడల్పులు తెలిసినంతమాత్రమున పొలిమేర కాపాడబడదని ఆ యోటమి బోధించినది.

ఈ కాలముననే మెకంజీ జీవితమును మలుపు త్రిప్పిన వ్యక్తి ఆయనకు తారసపడెను. ఆయన ఏలూరునకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. ఇరువది యేండ్ల యువకుడు. సంస్కృతాంధ్రములలోను, ఇంగ్లీషులోను దిట్ట. సుమారు 1796 ప్రాంతమున మెకంజీ కొలువులో చేరినది మొదలు బొర్రయ్య ఆయనకు నాలుకయు, కన్నును అయ్యెను. తాను తెలుగు గాని, కన్నడము గాని, తమిళము గాని ఎన్నడును నేర్చుకొనలేకపోయిన మెకంజీ, ఈ దేశపు లోగుట్టును తెలిసికొనుటకు ద్వారము బొర్రయ్యయే.

1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము కూలినది. టిప్పు రణరంగమున మరణించెను. నిజాము సైన్యముతో కూడ వచ్చిన ఇంజనీరుగా మెకంజీ ఆ ముట్టడిలో పాల్గొనెను. జూను 22వ తేదీన మైసూరు విభజన సంధి కుదిరినది. దీని స్వరూపమును పాఠకులు కొంచెము నిదానించి చూడవలెను. సంధి పత్రమునకు జతపఱచిన జాబితాలలో ఉన్నవి తాలూకాల పేర్లును, వాని శిస్తు మొత్తములును. ఇన్ని వరహాల రాబడి గల సీమలు కంపెనీకి, ఇన్ని వరహాలవి నిజామునకు, మిగిలినవి మైసూరు రాజునకు అని పంచిరి. భూమిపై గీత గీయలేదు. ఎల్లను రూపాయి లెక్కలో నిర్ణయించిరే కాని, అది ఏ కొండ మీదుగా పోవునో, ఏ వాగు దాటునో ఆ పత్రము చెప్పలేదు.

ఆ గీతను వెదకు పని మెకంజీపై పడినది. ఆ సంవత్సరమే మైసూరు సర్వే అధిపతిగా ఆయనను నియమించిరి. తాలూకా యెల్ల ఏదో తెలియవలెనన్నచో దానిలోని గ్రామములేవో తెలియవలెను. గ్రామపు ఎల్ల తెలియవలెనన్నచో ఆ యూరి కరణమునో, శానుభోగునో అడుగవలెను. సంధి వ్రాసిన ప్రభువులకు గాని, సంతకములు చేసిన రాయబారులకు గాని తెలియని రహస్యము పల్లెటూరి తాటాకుల కట్టలలో ఉండినది.

ఆయన పని తీరు ఇట్టిది. ముందుగా ఎత్తైన కొండలపై జెండాలు పాతి, థియొడొలైటుతో కోణములు తీసి, త్రిభుజముల వల పఱచువారు. ఆ వలలోపల బాటల పొడవును కొలత చక్రముతో నడిచి కొలుచువారు. 1794లో మద్రాసున స్థాపితమైన సర్వే పాఠశాలలో శిక్షణ పొందిన బాలురు ఈ పనిలో సహాయులు. అటుపిమ్మట ఊరూర గ్రామముల పేర్లు, ఇండ్ల సంఖ్య, కులములు, చెఱువులు, కాలువలు, కోటలు, కనుమలు వరుసగా నమోదగుచుండెను. సుమారు 40,000 చదరపు మైళ్ల సీమను ఆయన ఈ విధముగా కొలిపించెను. ఫలితములు పటములుగను, ఏడు పెద్ద సంపుటముల వివరణగను రూపొందెను.

కొలత సాధనము చెప్పజాలని విషయము మఱొకటి కలదు. రెండు గ్రామముల నడుమనున్న బీడు ఎవరిది? ఈ పాళెగాడు నేడు కప్పము కట్టుచున్నాడు. రేపు దండు వచ్చినప్పుడు ఏ ప్రక్క నిలుచును? ఈ చెఱువు తెగిన తరువాత ఊరు పాడుపడినదా, కఱవు వచ్చియా, పన్నులకు తాళలేకయా? ఇవి గొలుసునకు చిక్కవు. మన పల్లెలలో పొలిమేర తగవు వచ్చినప్పుడు ఊరి పెద్ద ప్రమాణము చేసి ఎల్లవెంట నడిచి చూపు ఆచారము ఉండెడిది. అబద్ధమాడినచో తన వంశమునకే కీడని నమ్మినవాడు నడచిన బాట అది. దానిని మించిన ధ్రువపత్రము గ్రామమునకు వేఱొకటి లేదు. మెకంజీ ఈ విధమైన సాక్ష్యమునకు విలువ నిచ్చెను. బొర్రయ్యయు, ఆయన సోదరులును, వారు తరిఫీదు ఇచ్చిన గుమాస్తాలును ఊళ్లకు పోయి, కరణముల దండకవిలెలు చదివి, శాసనములు చూచి, వృద్ధుల నడిగి, ఊరు ఎట్లు పుట్టినదో, ఎవరెవరు ఏలిరో, నాలుగు దిక్కుల ఎల్లలేవో వ్రాసికొనివచ్చిరి. అవియే కైఫీయతులు.

ఈ పనికి ప్రభుత్వపు ఆదరణ అంతంతమాత్రము. 1801 ప్రాంతమున ఇంగ్లండులోని కంపెనీ డైరెక్టరులు పొదుపు పేరిట సర్వే వ్యయమును కుదించిరి. గ్రామచరిత్రల సేకరణకు మెకంజీ తన జీతమునుండియే ఎక్కువగా ఖర్చు పెట్టుకొనెను. 1803లో, ఇరువదియేడేండ్లయినను నిండకుండ, బొర్రయ్య మరణించెను. ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము నెత్తికొనెను. మఱొక తమ్ముడు రామస్వామి తరువాతి కాలమున దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషున వ్రాసి 1829లో ప్రకటించి పేరుపొందెను.

మెకంజీ ఎల్లలు కొలుచుచుండగనే ఎల్లలు మాఱిపోయినవి. 1800 అక్టోబరు 12వ తేదీన నిజాము కంపెనీతో మఱొక సంధి చేసికొనెను. తన రాజ్యమును కాపాడుటకు కంపెనీ యుంచిన సైన్యపు ఖర్చునకు బదులుగా, 1792లోను, 1799లోను మైసూరునుండి తనకు వచ్చిన సీమలను శాశ్వతముగా ఇచ్చివేసెను. అవియే దత్త మండలములు. నేటి రాయలసీమలో పెద్దభాగము. ఎల్లను కాచినందులకు కూలిగా ఎల్లనే యిచ్చుకొన్నట్టయినది! గుత్తి, గుఱ్ఱముకొండ సీమల రైతు సంగతి చూడుడు. 1799 వేసవివఱకు ఆతడు టిప్పు ప్రజ. ఆ సంధితో నిజాము ప్రజ. పదునెనిమిది నెలలైనను తిరుగకుండ కంపెనీ ప్రజ. ఆతడు తన చేను విడిచి అడుగు కదలలేదు. అతనిపై నుండి మూడు రాజ్యముల ఎల్లలు దాటిపోయినవి. అతని నెవ్వరును అడుగలేదు. మెకంజీ గుమాస్తాలు వ్రాసికొన్న కాగితములలో మాత్రము అతని ఊరికి, చెఱువునకు, గుడికి చోటు దొరకినది.

1810లో మెకంజీ మద్రాసు రాజధానికి సర్వేయర్ జనరలయ్యెను. 1811లో జావా దండయాత్రకు పోయి, రెండేండ్లు అచ్చట గడపి, పెట్రొనెల్లా బార్టెల్సు అను కన్యను వివాహమాడి మరలివచ్చెను. 1815లో భారతదేశమంతటికిని తొలి సర్వేయర్ జనరలుగా నియుక్తుడయ్యెను. అదే సంవత్సరము విలియం లాంబ్టన్ తన మహా త్రిభుజమాపనములో భాగముగా బీదరు వద్ద ఆధారరేఖను కొలిచెను. లాంబ్టన్ భూగోళపు ఆకారమును కొలువ బూనినవాడు. మెకంజీ ఆ భూమిపై బ్రతుకు ఊళ్ల ఆకారమును తెలిసికొన బూనినవాడు. 1816లో చిత్రకారుడు తామస్ హికీ వ్రాసిన తైలవర్ణ చిత్రమున మెకంజీ ఎఱ్ఱ కోటు తొడిగి నిలిచియుండగా, చుట్టును ముగ్గురు దేశీయ సహాయకులు కనబడుదురు. ఒకని చేత దుర్భిణి, మఱొకని చేత తాటాకుల గ్రంథము. కొలతకును, సాక్ష్యమునకును గల పొత్తు ఆ పటమున చక్కగా రూపుకట్టినది.

1817లో లక్ష్మయ్య మొదలగువారిని వెంటబెట్టుకొని ఆయన కలకత్తాకు తరలెను. ఆరోగ్యము చెడి, 1821 మే 8వ తేదీన మరణించెను. సేకరించిన సామగ్రిని క్రమపఱచి గ్రంథము వ్రాయవలెనను కోరిక తీఱలేదు. ఆయన భార్య వద్దనుండి ఆ భాండారమును ప్రభుత్వము లక్ష రూపాయలకు కొన్నది. విల్సన్ పండితుడు 1828లో ప్రకటించిన పట్టికను బట్టి అందులో 1,568 గ్రంథములు, 2,070 స్థానిక వృత్తాంతములు, 8,076 శాసనములు, 6,218 నాణెములు ఉండినవి.

ఆ సంపదలో పెద్దభాగమును చేకూర్చిన చేతులకు దక్కిన గౌరవమును గూర్చియు చెప్పవలెను. పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య ప్రభుత్వమును అర్థించెను. 1836లో ఆసియాటిక్ సొసైటీ పెద్దలు దానిని పరిశీలించి, ఇట్టి కార్యమునకు నాయకత్వము వహించు యోగ్యత ఆయనకు లేదని తేల్చిరి. నలుబది యేండ్లుగా దేశపు సాక్ష్యమును నిజమో కాదో నిర్ణయించి యిచ్చిన కుటుంబమునకు ఆ పని వచ్చునని సంతకము చేయుటకు ఒక్క చెయ్యి లేవలేదు.

మన కాలమునకు వత్తము. చందానగరపు ఇండ్లలో ఎందఱి బిడ్డలో అమెరికాలో ఉన్నారు. ఆ దేశపు ఎల్లను గూర్చిన చర్చలు వారికి ఇంటి ముచ్చటలే. 2006లో అచ్చటి శాసనసభ ఒక చట్టము చేసి, ఎల్ల అదుపులో నున్నదనుటకు అర్థము చెప్పినది: అక్రమముగా ఒక్కరును లోనికి రాకుండుట. అట్టి ఎల్ల భూమిపై ఎక్కడను లేదు. ఆ శాఖవారు తమ సొంత కొలతను వాడి, 2010లో నైరృతి దిక్కున ఉన్న సుమారు 2,000 మైళ్లలో 873 మైళ్లు అదుపులో నున్నవని లెక్కచెప్పి, పిమ్మట ఆ కొలతనే మానివేసిరి. 2013లో సెనేటు ఆమోదించిన బిల్లు నూటికి తొంబది పాళ్లు అడ్డగించిన చాలునన్నది. అది చట్టము కాలేదు. నూఱుగురిలో ఎందఱు పట్టుబడిరని చెప్పవలెనన్నచో ఆ నూఱు తెలియవలెను గదా! కంటబడక దాటినవానిని లెక్కించుట ఎట్లు? లెక్కించువాడును, కాపలాదారును ఒక్కడే అయినప్పుడు ఆ లెక్కను నమ్ముట ఎట్లు? వరహాల జాబితాతో ఎల్ల గీచిన 1799 నాటి దొరల చిక్కును, వీరి చిక్కును ఒక్కటియే.

మన చెంతనే మఱొక నిదర్శనమున్నది. 1948 నాటికి హైదరాబాదు రాజ్యపు ఎల్లలు పటములలో స్పష్టముగా గీయబడియుండినవి. మెకంజీ నాటి అయోమయము లేదు. అయినను సెప్టెంబరు 13వ తేదీన బయలుదేరిన భారత సైన్యమునకు 17వ తేదీ నాటికి ఆ రాజ్యము లొంగిపోయెను. ప్రధాన దళము వచ్చినది ఈ షోలాపురపు మార్గముననే. కొలతలో లోపము లేదు; లోపలి జనులలో ఎక్కువమంది ఆ ఎల్ల నిలువవలెనని కోరలేదు. ప్రజలు తమదని అనుకొనని గీతకు ఏ సర్వేయరును భద్రతా పత్రము వ్రాసియీయజాలడు.

మెకంజీ పరప్రభుత్వమునకు సేవకుడు. ఆయన పటములు ఆ ప్రభుత్వపు బలమును పెంచినవి. ఈ నిజమును దాచి ఆయనను పొగడుట తగదు. అయినను యజమాని అడిగిన గీతతో తృప్తిపడక, ఆ గీతకు ఇరుప్రక్కల నున్న ఊళ్ల మాటను కూడ వినవలెనని పట్టుబట్టినవాడు ఆయన. ఆయన గీయించిన రాజ్యముల ఎల్లలు ఒక్కటియు నేడు నిలిచిలేవు. నిజాము రాజ్యము పోయినది, కంపెనీ పోయినది. కైఫీయతులు మాత్రము మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నిలిచినవి. బ్రౌను దొర తీయించిన నకళ్ల ద్వారా వ్యాపించినవి. కడపలో బ్రౌను పేర వెలసిన పరిశోధన కేంద్రమువారి చేత అచ్చయినవి. ఏ ఊరివాడైనను వానిని తెఱచి, తన ఊరి నాలుగెల్లలు ఏ చెట్టు వద్ద, ఏ గుట్ట వద్ద కలియుచుండినవో చూచుకొనవచ్చును. ఆ వాక్యములను చెప్పినవారు ఆ ఎల్లమీద నడచినవారు.